పోటీ పరీక్షల ప్రత్యేకం: ‘దేవదాసు’ విషాద గీతం

విరహం, ఒంటరితనం అనగానే ప్రపంచానికి ఎల్విస్ ప్రెస్లీ ‘హార్ట్‌బ్రేక్ హోటల్’ (1956) గుర్తొస్తుంది. మనకు అంతకు మూడేళ్ల ముందే ‘జగమే మాయ’ ఉంది.

చిత్రం ‘దేవదాసు’ (1953), నిర్మాణం వినోదా పిక్చర్స్, దర్శకుడు వేదాంతం రాఘవయ్య. మూలం శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ బెంగాలీ నవల, 1917లో అచ్చయింది. పాట రచన సముద్రాల సీనియర్, గానం ఘంటసాల. తెరపై అక్కినేని నాగేశ్వరరావు: చేతిలో సీసా, పక్కన కుక్క, బరువుగా వాలిపోయే కళ్లు. ఆ మత్తు చూపు కోసమే రాత్రిళ్లు షూటింగ్ చేశారంటారు.

అభ్యర్థులు తడబడేది సంగీతం దగ్గరే. జవాబు సి.ఆర్. సుబ్బరామన్. సినిమా విడుదలకు ముందే, 1952లో ఆయన కన్నుమూశారు. మిగిలిన పని సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు.

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తక్కువేం కాదు. అక్కడి అభ్యర్థులకు తమిళ ‘దేవదాస్’ కూడా అవసరమే. అదీ 1953లోనే వచ్చింది. అందులోనూ ఈ పాట గొంతు ఘంటసాలదే! ఆయనకు పద్మశ్రీ 1970లో వచ్చింది, మరణం 1974.