పూచిన పువ్వెల్ల గింజ కట్టునా?

పూచిన పువ్వులన్నియు గింజ కట్టవని రైతులకు తెలియని విషయము కాదు. పొద్దుతిరుగుడు చేలో కొన్ని పువ్వులు నిండుగా గింజకట్టగా, కొన్ని తాలుపోవుచుండును. ఇట్లేల జరుగును? ఆ కుటుంబమునకే చెందిన ఎకినేషియా అను అడవిమొక్క ఈ విషయమున మంచి పాఠము నేర్పుచున్నది.

అమెరికా మధ్యభాగమున ఒకప్పుడు ప్రెయిరీలను విశాలమైన గడ్డిమైదానములుండెడివి. సేద్యము విస్తరించుటతో అవి చాలవరకు పొలములైనవి. మిన్నెసోటా రాష్ట్రమున నేడు చేల నడుమను, బాటల ప్రక్కలను చిన్న చిన్న తునకలు మాత్రము మిగిలినవి. వానిలో ఎకినేషియా పెరుగును. దీని పువ్వుగా మనకు కనిపించునది నిజమునకు అనేక చిరుపువ్వుల గుత్తి.

ఈ మొక్కకు తన పుప్పొడి తనకే పనికిరాదు. దగ్గరి చుట్టరికముగల మొక్కల పుప్పొడియు తరచుగా నిష్ఫలమగును. మనలో సగోత్రీకులకు వివాహము నిషిద్ధమైనట్లే, వీనికిని అట్టి కట్టుబాటు కలదు.

శాస్త్రజ్ఞులు దీని నెట్లు పరీక్షింతురు? మొగ్గ విచ్చకమునుపే సన్నని వలసంచి తొడిగి, తేనెటీగలు వాలకుండ చేయుదురు. పిమ్మట ఎంచుకొన్న మొక్క పుప్పొడిని చేతితో అద్ది, రంగుతో గుర్తు పెట్టుదురు. పుప్పొడి సరిపడినచో ఆడభాగమగు కీలము త్వరలోనే ముడుచుకొనును. సరిపడనిచో కొన్ని దినములు నిలిచియుండును. గింజ పైతొడుగు ఎట్లును ఏర్పడును గనుక, లోన పప్పున్నదో లేదో ఎక్స్-రే చిత్రముతో చూతురు.

2010లో ప్రకటితమైన పరిశోధన ఒక వింతను తెలిపినది. చిన్న తునకలలో తేనెటీగల రాకకు లోటులేదు; అయినను గింజలు తక్కువ. కారణమేమనగా, ఈగ తెచ్చు పుప్పొడి చుట్టాలదే అగుచుండెను. మైదానము పూలతో కళకళలాడుచున్నను, వంశము మెల్లగా క్షీణించుచున్నదన్నమాట.

దీనికి ఉపాయము కలదా? 1996 నుండి 2016 వరకు జరిగిన పరిశీలనలో, అదుపులో నిప్పుపెట్టి ఎండుగడ్డిని కాల్చిన తరువాతి వేసవిలో ఎక్కువ మొక్కలు ఒకేసారి పూచినట్లు తేలినది. ఒకే కాలమున పూచినవాటికి తగిన జోడు దొరకుట సులభము.

మన పొద్దుతిరుగుడు రకములు ఇంత కఠినమైనవి కావు. అయినను పుప్పొడి బాగుగా అందినప్పుడే గింజ నిండును. కావున పూతవేళ ఉదయమున పురుగుమందు చల్లరాదు. తేనెటీగలు తక్కువైనచో, ఉదయము మెత్తని గుడ్డతో పువ్వులను ఒకదాని తరువాత ఒకటి మృదువుగా రుద్దవలెను. పువ్వును చూచి మురియుట చాలదు. దానికి జోడు కుదిరినదో లేదో చూడవలెను.