తాగునీరు, నేల ముప్పును లెక్కకట్టే చదువు

ఒక ఊరి బోరు నీటిని పరీక్షిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉన్నట్టు తేలిందనుకుందాం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి ఈ నీరు పరిమితిలోనే ఉంది. మరి ఊళ్లో అందరూ నిశ్చింతగా తాగొచ్చా?

నీడపట్టున పనిచేస్తూ రోజుకు 2 లీటర్లు తాగే 60 కిలోల మనిషికి, కిలో బరువుకు 0.05 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చేరుతుంది. మే నెల ఎండలో ఉపాధి హామీ పనికి వెళ్లి 5 లీటర్లు తాగే 50 కిలోల కూలీకి 0.15 చేరుతుంది. లీటరు తాగే 15 కిలోల పిల్లాడికి 0.1. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచించిన సురక్షిత మోతాదు రోజుకు, కిలో బరువుకు 0.06 మాత్రమే. బోరు ఒకటే, రిపోర్టు ఒకటే. అయినా ముగ్గురిలో ఇద్దరు హద్దు దాటారు. కూలీకి చేరేదైతే హద్దుకు రెండున్నర రెట్లు. ఈ తేడాను పట్టుకుని, ఎవరిని ముందు కాపాడాలో చెప్పే శాస్త్రమే ఎన్విరాన్‌మెంటల్ రిస్క్ అసెస్‌మెంట్. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ బాధను తరాలుగా చూసిన మనకు ఇది పరాయి చదువు కాదు.

ఏం నేర్చుకుంటారు?

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1983లో ఈ పనిని నాలుగు మెట్లుగా విడదీసింది. ఇప్పటికీ పునాది అదే. హాని చేసే పదార్థాన్ని గుర్తించడం మొదటిది. ఎంత మోతాదుకు ఎంత హానో తేల్చడం రెండోది. అది ఏ దారిన, ఎంత, ఎన్నాళ్లపాటు ఒంట్లోకి వెళ్తోందో లెక్కించడం మూడోది. ఈ మూడూ కలిపి ముప్పు ఎంతో చెప్పడం నాలుగోది.

మొదటి రెండు మెట్లకు ప్రపంచంలో ఎక్కడో జరిగిన పరిశోధన కూడా అక్కరకొస్తుంది. మూడోది మాత్రం ఆ ఊళ్లోనే తేలాలి. పాఠ్యపుస్తకంలోని 2 లీటర్ల అంచనా మన ఎండలకు, మన శ్రమకు సరిపోదు. అన్నం, పప్పు వండేది ఆ నీళ్లతోనేనా? పొలంలో ఏ బావి నీళ్లు తాగుతున్నారు? ఇవి అడిగి తెలుసుకోవాల్సినవి. ఇక్కడ పొరపాటు జరిగితే లెక్క ఎంత పక్కాగా వేసినా ఫలితం తప్పుతుంది.

ఒంట్లోకి చేరే మోతాదును సురక్షిత మోతాదుతో భాగిస్తే వచ్చేది హజార్డ్ కోషెంట్. అది 1 దాటితే జబ్బు ఖాయమని అర్థం కాదు. భద్రమని భరోసా ఇవ్వలేమని, మరింత లోతుగా పరిశీలించాలని అర్థం. ఆర్సెనిక్ లాంటి క్యాన్సర్ కారకాలకు లెక్క వేరే ఉంటుంది. జీవితకాలంలో అదనంగా క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంతో అందులో అంచనా వేస్తారు.

ఈ శాస్త్రం హద్దులు కూడా తెలిసి ఉండాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుపై ఎన్నో పరిశోధనలు జరిగాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో ఏదో ఒక లోహం కనిపించగానే దోషి దొరికిందని ప్రకటించకుండా, తెలిసినంతవరకే చెప్పే నిజాయితీ ఈ వృత్తికి ప్రాణం.

మట్టి కథ మరింత క్లిష్టం

నీటిలోని కాలుష్యం ఎక్కువగా తాగడం, వంట ద్వారానే లోపలికి వెళ్తుంది. కలుషితమైన మట్టికి దారులు ఎక్కువ. దుమ్ముగా ఊపిరిలోకి, ఆటలాడే పిల్లల చేతుల నుంచి నోట్లోకి, ఆకుకూరల్లోకి, ఇంకి పక్క బావిలోకి చేరుతుంది. చిన్న పిల్లలు రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టి మింగుతారనే అంచనాతో లెక్కలు వేయడం అమెరికాలో పరిపాటి. అందుకే పాత బ్యాటరీలు కరిగించిన చోట సీసం ఎంతుందో చూడటంతో పాటు, అక్కడ ఎవరు ఆడుకుంటున్నారో కూడా చూడాలి.

ఎంతవరకు శుభ్రం చేస్తే చాలన్నది మరో చిక్కు ప్రశ్న. కొడైకెనాల్‌లో 2001లో మూతపడ్డ థర్మామీటర్ల కర్మాగారం స్థలంలో పాదరసాన్ని కిలో మట్టికి 20 మిల్లీగ్రాములకు తగ్గించాలని నిర్ణయిస్తే, అది చాలదని పర్యావరణవేత్తలు ఏళ్ల తరబడి పోరాడారు. అలాంటి అంకెకు ఆధారం చూపాల్సింది రిస్క్ అసెసరే. హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, కాలుష్యం చేసినవారితోనే శుభ్రం చేయించడం వాటి సారాంశం. వీటిని అమలు చేయాలంటే లెక్క తెలిసిన మనుషులు కావాలి.

ఎవరు చదవొచ్చు?

ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చేసినవారు ఎంటెక్‌కు వెళ్లొచ్చు. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ ప్రత్యేక పేపరు ఉంది. ఐఐటీ బాంబే, మద్రాస్, ఖరగ్‌పూర్‌లలో ఈ రంగంలో బలమైన విభాగాలున్నాయి. బీఎస్సీ విద్యార్థులు ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కెమిస్ట్రీ, జియాలజీల నుంచి ఇటు రావొచ్చు. ఉస్మానియా, ఆంధ్ర వంటి మన విశ్వవిద్యాలయాల్లో ఈ సబ్జెక్టులున్నాయి. అగ్రికల్చర్‌లో సాయిల్ సైన్స్, వైద్యంలో పబ్లిక్ హెల్త్ చదివినవారికీ ఇక్కడ చోటుంది.

కోర్సు ఎంచుకునే ముందు సిలబస్ తెరిచి చూడండి. టాక్సికాలజీ, భూగర్భ జలశాస్త్రం, స్టాటిస్టిక్స్ మూడూ ఉన్నాయా? పరిశ్రమల్లో రిస్క్ అసెస్‌మెంట్ అంటే చాలాసార్లు పేలుళ్లు, గ్యాస్ లీకుల వంటి ప్రమాదాల అంచనా అని అర్థం. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరే విషాల లెక్క వేరు. పేరు చూసి చేరితే కోరుకున్న చదువు దొరకకపోవచ్చు.

కొలువులు ఎక్కడ?

కేంద్ర, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు ఇంజినీర్లను, శాస్త్రవేత్తలను నియమించుకుంటాయి. కేంద్ర భూగర్భ జల మండలిలో సైంటిస్ట్ బి ఉద్యోగాలకు జియాలజీ, కెమిస్ట్రీ పీజీ ఉన్నవారు యూపీఎస్సీ నిర్వహించే కంబైండ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. పరిశోధన ఇష్టమైతే నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి), లఖ్‌నవూ టాక్సికాలజీ పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉన్నాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ పద్ధతిని ప్రపంచానికి ఇచ్చింది నీరియే. ప్రైవేటులో పర్యావరణ కన్సల్టెన్సీలు, నీటి పరీక్ష ల్యాబ్‌లు, పెద్ద పరిశ్రమల పర్యావరణ విభాగాలు ఉద్యోగాలిస్తాయి. అమెరికాలో 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం వల్ల కలుషిత స్థలాల అంచనా అక్కడ స్థిరపడిన వృత్తి. అక్కడ ఎమ్మెస్ చేయాలనుకునేవారు దీన్ని దృష్టిలో పెట్టుకోవచ్చు.

పనికొచ్చే నైపుణ్యాలు

నమూనా సేకరణే అన్నిటికీ మొదలు. ఫ్లోరైడ్ పరీక్షకు ప్లాస్టిక్ సీసా వాడాలి. లోహాల పరీక్షకు నైట్రిక్ ఆమ్లం కలిపి భద్రపరచాలి. బ్యాక్టీరియా కోసమైతే స్టెరిలైజ్ చేసిన సీసాలో తీసి, చల్లగా ఉంచి త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి. ఇక్కడ తప్పితే ఖరీదైన యంత్రం కూడా సరిదిద్దలేదు. మ్యాపుల కోసం క్యూజీఐఎస్, గణాంకాల కోసం ఆర్ ఉచితంగా దొరుకుతాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచించే సురక్షిత మోతాదుల వివరాలుండే ఐరిస్ డేటాబేస్ కూడా ఉచితమే.

ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయగలిగితే సరిపోదు. గ్రామసభలో నిలబడి, ఈ నీళ్లు స్నానానికి వాడొచ్చు, పసిపిల్లలకు మాత్రం పట్టొద్దు అని తెలుగులో విడమరిచి చెప్పగలగాలి. జనానికి అర్థం కాని రిపోర్టు ఎవరినీ కాపాడదు.

ఈ ఏడాదే మొదలుపెట్టండి

డిగ్రీలో ఉన్నవారు ప్రాజెక్టుగా సొంత ఊరినే తీసుకోండి. తాగునీటి నమూనాలను జిల్లా ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కొన్ని ఇళ్లకు వెళ్లి ఎవరు ఎన్ని నీళ్లు తాగుతారో, ఎక్కడివి తాగుతారో వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి అడిగి రాసుకోండి. పిల్లలకు, పెద్దలకు, కూలీలకు విడివిడిగా లెక్క కట్టండి. ఏది కొలిచారో, ఏది ఊహించుకున్నారో స్పష్టంగా రాయండి. ఫలితాన్ని సర్పంచికి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు ఇవ్వండి. ఇంటర్వ్యూలో మీ పనితనానికి అంతకంటే గట్టి రుజువు ఉండదు. ఊరికేమో ఏ ఇంటికి ముందుగా మంచినీళ్లు అందించాలో తెలుస్తుంది.