రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే...

ప్రశ్న: రోజంతా ల్యాప్‌టాప్ మీద డేటా ఎంట్రీ చేస్తాను. రాత్రిళ్లు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. ఏం చేయాలి డాక్టర్ గారూ?

జవాబు: చిటికెనవేలికి తిమ్మిరి లేదంటే, మణికట్టులో మీడియన్ నరం నలుగుతోందని అనుమానించాలి. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు వంగినకొద్దీ నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. నిద్రలో తెలియకుండానే వంచేస్తాం కాబట్టి, దాన్ని తిన్నగా ఉంచే స్ప్లింట్ కట్టుకుని పడుకోండి. కనీసం ఆరు వారాలు మానకండి. పగలు విడిగా కీబోర్డు, మౌస్ పెట్టుకోండి. కీబోర్డు వెనక కాళ్లు మడిచేస్తే మణికట్టు పైకి వంగదు. మోచేతులు టేబుల్ ఎత్తుకు రావాలి. అందుకోసం కుర్చీ పెంచితే కాళ్లకింద పీట వేసుకోండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలూ చేయించండి, వాటివల్లా ఇలా జరుగుతుంది. నొప్పి మాత్రలతో మాత్రం నెట్టుకురావద్దు. చేతిలోంచి వస్తువులు జారుతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినా వెంటనే న్యూరాలజిస్టును కలవండి.