అల్పప్రాణి – అధిక బలము

బస్తరు అడవులలో సాల, మామిడి వృక్షముల ఆకులను కలిపి గూడుకట్టు ఎఱ్ఱచీమ కలదు. కొమ్మ కదలినంతనే అది కఱచి, గాయముపై ఆమ్లమును చిమ్మును. ఎంతటి బలశాలియైనను చెట్టు దిగవలసినదే. అయినను అచటి గిరిజనులు దానిని పట్టి, ఉప్పు, మిరపకాయలతో నూరి ‘చాప్డా’ అను పచ్చడి చేసికొందురు. బహిరంగముగా బాధించునది గనుక దానిని పట్టుట సాధ్యమైనది.

దోమ తీరు వేఱు. ఆడ అనాఫిలిస్ దోమ నిద్రించువానిని కుట్టును, అతడెఱుగడు. దాని కడుపులో మలేరియా క్రిమిని 1897లో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ కనుగొనెను. 2020లో బస్తరున ఇంటింట రక్తపరీక్షలు జరుపగా, క్రిములున్నవారిలో సగమునకు మించి జ్వరలక్షణములు లేనివారే. వారు తాము ఆరోగ్యవంతులమనియే తలచిరి. కాని వారి రక్తమునుండియు దోమ వ్యాధిని పొరుగువారికి చేర్పగలదు. అందుచేత జ్వరము లేకున్నను వారికి మందొసగిరి.

సాధకుడు గ్రహింపదగిన దిదియే. పైకి మండిపడు కోపము చీమ వంటిది. అది తనకును పరులకును తెలియును. లోన దాగిన అసూయాహంకారములు జ్వరములేని వ్యాధి వంటివి. బాధ లేదని పరీక్ష మానరాదు. ‘నాయందు దోషము లేదు’ అని తోచిన దినముననే ఆత్మపరీక్ష మిక్కిలి అవసరము.