ముక్క తీయకుండానే లివర్ సంగతి తెలుస్తుంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పని. రక్తదానానికి పోతే హెపటైటిస్ బి ఉందని బయటపడింది. ఒంట్లో ఏ బాధా లేదు. లివర్ గట్టిపడిందేమో చూడాలంటున్నారు. సూదితో ముక్క తీస్తారని ఊళ్లో చెబితే భయపడి ఏడాదిగా వాయిదా వేస్తున్నా. వేరే దారి లేదా? పోయిన నెల రిపోర్టులో ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు.
– ఒక పాఠకుడు, కమలాపురం

జవాబు: ఉంది. ఇప్పుడు చాలామందికి ముక్క తీసే ఆ పరీక్ష, అంటే బయాప్సీ, అవసరమే రావడం లేదు. మొదటి లెక్కకు కావలసినవన్నీ మీ రిపోర్టులోనే ఉన్నాయి. ఏఎస్‌టీ అనే లివర్ ఎంజైమ్ అంకెను ల్యాబు చూపించే పై హద్దుతో, అంటే మామూలుగా 40తో భాగిస్తే 1.2. దాన్ని వందతో హెచ్చవేసి, ప్లేట్‌లెట్లను వేలల్లో లెక్కగట్టి, అంటే 150తో భాగిస్తే 0.8 వస్తుంది. ఇదే ఏప్రి స్కోరు. హెపటైటిస్ బి ఉన్న పెద్దవాళ్లలో ఇది 0.5 దాటితే లివర్‌లో మచ్చలు గట్టిగానే పడ్డాయని భావించి మందులు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. 1 దాటితే సిర్రోసిస్‌ను, అంటే లివర్ మచ్చలతో బాగా గట్టిపడటాన్ని, అనుమానించాలి. మీది 0.5 దాటింది కాబట్టి, బాధ లేదని ఇంకా ఆగడం మంచిది కాదు.

తర్వాతిది లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల వెనక్కి పెట్టమంటారు. పక్కటెముకల సందున జెల్ రాసి పరికరం ఆనిస్తే, వేలితో మీటినట్టు చిన్న దెబ్బ తగులుతుంది, అంతే. ఆ అదురు గట్టిపడిన లివర్‌లో వేగంగా పోతుంది. ఆ వేగాన్ని కనీసం పదిసార్లు కొలుస్తారు. దాన్నిబట్టి లెక్కగట్టిన గట్టిదనం 7 కిలోపాస్కల్స్ దాటితే మచ్చలు, 12.5 దాటితే సిర్రోసిస్ ఉన్నట్టు లెక్క. తిని వెళ్లినా, కామెర్లు ముదిరి ఏఎల్‌టీ బాగా పెరిగినప్పుడు చేయించినా అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పొట్టలో నీరు చేరితే ఈ పరీక్ష పనికిరాదు. గడ్డలను, క్యాన్సర్‌నూ ఇది పట్టదు. వాటికి అల్ట్రాసౌండ్ వేరేగా చేయించాలి.

రెండు పరీక్షలూ పొంతన లేకుండా వస్తేనో, మరో జబ్బు ఉందని అనుమానం వస్తేనో బయాప్సీ మాట వస్తుంది. అప్పుడూ తీసేది లివర్‌లో యాభైవేలో వంతు.

ఈ రిపోర్టు పట్టుకుని కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద మందులు ఉచితం. సారా, పసరు మందులు రెండూ మానేయండి. మీ భార్యకు, పిల్లలకు కూడా రక్తపరీక్ష చేయించి, జబ్బు లేనివాళ్లకు టీకా వేయించండి.