అప్‌డేట్ అడిగితే అంతా తుడిచేస్తారా?

మీ ఏపీఐకి అప్‌డేట్ రిక్వెస్ట్ వచ్చింది. వెంటనే డేటాబేస్ మీద పడకండి. ఏది మార్చమన్నారు, దేని జోలికి వెళ్లొద్దన్నారు? ముందు ఇది తేల్చుకోవడం అలవాటు చేసుకోండి. మిగతా స్కిల్ అంతా దీని వెనకే వస్తుంది.

మెథడ్ పుట్ అయితే ఈ విషయంలో పేచీ లేదు. రికార్డు మొత్తం పంపుతారు, పాతది తీసి కొత్తది పెట్టడమే. నెట్ తెగి యాప్ అదే రిక్వెస్ట్ మళ్లీ పంపినా ఫలితం మారదు.

మీ సత్తా తేలేది ప్యాచ్ దగ్గర. 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5789తో వచ్చిన ఈ మెథడ్ కొంత భాగాన్నే మారుస్తుంది. కస్టమర్ అడ్రస్ ఒక్కటే మార్చాడు. జేసన్‌లో ఫోన్ నంబర్ ఊసే లేదు. అంటే ఫోన్ ఉన్నది ఉన్నట్టే ఉండాలి. అదే ఫోన్ దగ్గర నల్ అని వస్తే? తీసేయమని. 2014 నాటి జేసన్ మెర్జ్ ప్యాచ్ రూల్ ఇదే. కానీ చాలా కోడ్‌లో ఫీల్డ్ రాకపోయినా, నల్ వచ్చినా ఆబ్జెక్ట్‌లో నల్‌గానే పడుతుంది. అడ్రస్ మారింది, ఫోన్ నంబర్ మాయమైంది! పైగా టెస్టులన్నీ పాస్. ‘ఫీల్డ్ రాలేదు’, ‘నల్ వచ్చింది’... రెండింటికీ వేర్వేరు టెస్టులు రాయండి. ఇవాళే.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఇద్దరు అడ్మిన్లు ఒకే ప్రొడక్ట్ పేజీ తెరిచారు. ఒకరు ధర మార్చి సేవ్ కొట్టారు. రెండోవారు పాత ధర ఉన్న ఫారంలోనే స్టాక్ మార్చి మొత్తం పుట్ చేశారు. కొత్త ధర గల్లంతు. ఎర్రర్ ఎవరికీ రాదు. అదే అసలు ప్రమాదం. మీరు ఆపగలరు:

1. గెట్ రెస్పాన్స్‌లో రికార్డు వెర్షన్‌ని తెలిపే ఈట్యాగ్ పంపండి.
2. అప్‌డేట్‌లో దాన్ని ఇఫ్-మ్యాచ్ హెడర్‌గా అడగండి. పంపకపోతే 428 స్టేటస్ ఇవ్వండి.
3. సరిపోలకపోతే 412. తాజా రికార్డు తెచ్చుకుని మళ్లీ రమ్మనండి.

ముందు చెక్ చేసి, తర్వాత తీరిగ్గా రాస్తే ఆ సందులో ఇంకొకరు దూరతారు. వెర్షన్ నంబర్‌ని అప్‌డేట్ క్వెరీ వేర్ క్లాజ్‌లోనే పెట్టండి. టేబుల్‌లో ఒక్క వరుసా మారలేదంటే ఎవరో ముందే వచ్చారన్నమాట.

చివరిగా, వచ్చిన ఫీల్డులన్నీ గుడ్డిగా సేవ్ చేయకండి. 2012లో గిట్‌హబ్‌ అంతటి సైట్‌కే ఇలాంటి లోపం తప్పలేదు. యూజర్ మార్చదగ్గ ఫీల్డుల జాబితా మీరే రాసుకోండి. రోల్, బ్యాలెన్స్ అందులో ఉండకూడదు.