అక్షరముల వెనుకనున్న ఒడంబడికలు

పెన్నానది సముద్రమున గలియు ఈ సీమలో తిక్కన సోమయాజి పేరు తలచినంతనే మనకు గర్వము కలుగును. ఆయన కాలమున తాటాకును గంటమును ఉన్నచో వ్రాతకు కొఱత లేదు. నేడు కంప్యూటరుపై మనము కూర్చు తెలుగక్షరముల వెనుక మఱియొకరి శ్రమయు, వారు విధించిన నియమములును గలవు. "ఉచితముగా దొరకినదానికి నియమములేల?" యని మనలో పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన యను ఫాంట్లు జీ.పీ.ఎల్. లైసెన్సుతో లభించుచున్నవి. 1991లో రెండవ కూర్పుగను, 2007లో మూడవ కూర్పుగను వెలువడిన ఈ లైసెన్సు సారాంశ మిది: ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును, కాని పంచునప్పుడు మూలరూపమును అందీయవలెను, పుచ్చుకొనువారిపై క్రొత్త నిర్బంధమేదియు చేర్చరాదు.

మల్లన్న, రామభద్ర, సూరన్న మున్నగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో లభించుచున్నవి. ఇదియు ఉదారమైనదే. అయినను ఫాంటును ఒంటిగా అమ్మరాదనియు, మార్చిన రూపము ఇదే లైసెన్సుతో నుండవలెననియు శాసించును.

మనము పోతననుండి కొన్ని అక్షరములను, మల్లన్ననుండి కొన్నిటిని గైకొని యొక క్రొత్త ఫాంటు చేసితిమనుకొందము. దానిని పంచగలమా? పంచలేము. ఒక పొరుగువాడు "ఏ షరతును చేర్పక పంచుము" అని మొలగొలుకుల విత్తనము లిచ్చెను. వేఱొకడు "వీనిని ఒంటిగా అమ్మకుము" అని యిచ్చెను. రెంటిని ఒకే రాశిగా పోసినచో ఒకని మాట నిలుపగా రెండవవాని మాట తప్పును. ఇద్దఱును మంచివారే, మాటలు మాత్రము పొసగవు.

ఒకే సంచికలో శీర్షికలకు ఒక ఫాంటును, వ్యాసములకు మఱొకటిని వాడుట దోషము కాదు. అది ప్రక్కప్రక్క నుంచుటయే గాని కలుపుట కాదు. తన యింట కలిపి వాడుకొనుటయు వేఱు. చిక్కెల్ల పరులకు పంచునప్పుడే.

ప్రోగ్రాములకును ఇదియే న్యాయము. మూలమును వెల్లడింపరాదని యొక కంపెనీ యిచ్చిన కోడును జీ.పీ.ఎల్. ప్రోగ్రాముతో ఒక్కటిగా కూర్చి పంచినచో, మూలమును దాచిన జీ.పీ.ఎల్. తప్పును, చూపిన కంపెనీతోడి ఒప్పందము తప్పును.

దీనికి ఉపాయము లేకపోలేదు. లోహిత్ తెలుగు ఫాంటు మొదట జీ.పీ.ఎల్. క్రింద నుండెను, హక్కుదారైన రెడ్ హ్యాట్ కంపెనీ 2011లో లోహిత్ ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్సునకు మార్చెను. హక్కుగలవారు మార్పగలరు, వాడుకొనువారు మార్పజాలరు.

కావున విద్యార్థులారా, కలుపుటకు ముందే రెండు లైసెన్సులను చదువుడు. పొసగనిచో హక్కుదారు ననుమతి యడుగుడు. అది దొరకనిచో వేఱువేఱుగా నుంచుడు, లేదా ఆ భాగమును మీరే క్రొత్తగా వ్రాయుడు. వెల యీయక పొందినదానికి మన మీయగల మూల్యము ఇచ్చినవాని మాట నిలుపుటయే.